నాయన అడగలేకపోయిన వంతెన ప్రశ్న

మొన్న టీవీలో శాసనసభ చూస్తుంటే నలుగురైదుగురు ఒక్కసారే లేచి అరుచుకుంటున్నారు. టీవీ కట్టేశాను. డెబ్బైలలో ఒక విడత మా నాయన కూడా ఆ సభలో కూర్చున్నారు.

మాది కార్వేటినగరం దగ్గరి పల్లె. భూములు అప్పటికే చేయిజారాయి. మేడలో కూలిపోగా మిగిలిన సగంలో ఉండేవాళ్లం. అయినా నాయన ఇస్త్రీ లేని పంచెతో గడప దాటలేదు, నేనూ దాటను. ఆయన ఎన్నికల్లో నిలబడింది ఒక్క వంతెన కోసం. మా మేనత్తకు నొప్పులు వచ్చిన రోజు ఊరి ముందర వంక పొంగింది. పుత్తూరు ఆసుపత్రికి బయలుదేరిన బండి గట్టునే ఆగిపోయింది. నీళ్లు తగ్గేసరికి అత్త లేదు, కడుపులో బిడ్డా లేదు.

సభలో ప్రశ్న వేయడానికి పద్ధతి ఉంది. ముందే రాసివ్వాలి. స్పీకర్ పేరు పిలిచినప్పుడు లేచి ప్రశ్న నంబరు చెప్పాలి. అప్పుడే మంత్రి జవాబు చెబుతారు, ఆ జవాబు మీద ఆయన్ను నిలదీయవచ్చు. నంబరు చెప్పకపోతే తర్వాతి ప్రశ్నకు పోతారు. నాయన అద్దం ముందు నిలబడి నంబరు చెప్పడం సాధన చేస్తుంటే మేము తలుపు చాటున నవ్వుకునేవాళ్లం.

వంతెన ప్రశ్న వంతు వచ్చిన రోజు నాయన పేరు పిలిచారు. నాయన లేచారు. సరిగ్గా అప్పుడే ఎదుటి పక్షంలో ఉన్న ఆయన మేనమామ కూడా లేచారు. మేనమామ నిలబడి ఉండగా మా ఇంట్లో ఎవరూ నోరు విప్పరు. నాయన కూర్చున్నారు. అడిగే ఉద్దేశం లేదనుకొని స్పీకర్ తర్వాతి పేరు పిలిచేశారు.

ఆ వారమే మామ మా ఇంటికి వచ్చి, అక్క పక్కన, అంటే మా అవ్వ పక్కన, కూర్చున్నారు.

"నేను లేసింది బయటికి పోదామని రా అల్లుడా! నన్ను సూసి నువ్వేంది కూసుంటివి?"

"మీరు నిలబడుంటే నేనెట్లా మాట్లాడేది మామా?"

"సభలో మామేంది, అల్లుడేంది రా!" అని ఆయన పగలబడి నవ్వారు.

అవ్వ నవ్వలేదు. "గట్టు మీద నా బిడ్డ అరస్తా ఉన్నింది గదా అబ్బయ్యా. అది గుర్తు రాలేదా నీకు?" అంది.

నాయన తల వంచుకున్నారు. ఆయన తల వంచగా నేను చూసింది అప్పుడే.

ప్రశ్న మళ్లీ రాసిచ్చారు. వంతు రాకముందే సభ రద్దయింది. దాంతో పాటు ప్రశ్నా పోయింది. తర్వాతి ఎన్నికల్లో ఓడిపోయారు.

ఎనభైల చివర్లో ఎవరి హయాంలోనో వంతెన కట్టారు. అప్పటికి అవ్వ లేదు, నాయనా లేరు. ఇప్పుడు ఆటోలో పోతే ఊపిరి పీల్చి వదిలేలోపు అవతలి గట్టు వచ్చేస్తుంది. ఆ కాస్త దూరం దాటడానికి మా ఇంటికి ఒక తరం పట్టింది.