తడిసిన బ్రష్షు

వీధి చివర బట్టలు కుట్టే ఆవిడకు ఎవరి మాటా ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు. కొలతలు కాగితం మీద రాసిచ్చినా మళ్లీ టేపు పెట్టి చూసుకుంటుంది. పదిహేనేళ్ల కూతురు స్నానాలగది నుంచి బయటికి రాగానే వెళ్లి బ్రష్షును వేలితో తడిమి, వాసన కూడా చూస్తుంది. "తోముకున్నానమ్మా" అని పిల్ల అంటే, "బ్రష్షు తడిసింది సరే, పళ్లు తడిశాయా?" అంటుంది. ఈమధ్య పిల్ల నవ్వినప్పుడల్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది. లోపల గడియ వేసుకుని కుళాయి జోరుగా తిప్పుతోంది. ఏదో దాస్తోందని తల్లికి ఒకటే గుబులు.

ఒక ఉదయం పిల్ల గడియ వెయ్యడం మరిచిపోతే తల్లి తలుపు తోసింది. సింకులో ఉమ్మి ఎర్రగా ఉంది. పిల్ల గోడకు అతుక్కుపోయింది. "తోమితే రక్తం వస్తోందమ్మా. ఏం జబ్బో అని భయమేసి మానేశా. రోజూ ఉత్తినే బ్రష్షుకి కాస్త పేస్టు రాసి తడుపుతున్నా. ఇవాళ తోమి చూశా, మళ్లీ వచ్చింది." ఆ పూటే పళ్ల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది.

"చిగుళ్ల దగ్గర పాచి పేరుకుంది, అందుకే ఈ రక్తం. మానేస్తే ఇంకా ముదురుతుంది. నేను శుభ్రం చేస్తాను, రెండు పూటలా మెత్తటి బ్రష్షుతో తోముకో" అంది డాక్టరమ్మ.

"అంతేనా? ఇంకేం లేదు కదా?" అని తల్లి రెండుసార్లు అడిగింది.

పని పూర్తయి పిల్ల కుర్చీ దిగింది. తల్లి కాసేపు తటపటాయించి, తనే ఎక్కి కూర్చుంది.

"నాకూ చూడండి" అంది, కూతురి వైపు చూడకుండా. "పదేళ్లుగా వస్తోంది. ఎవరికీ చెప్పలేదు."