దారాల తల్లిని కన్న నాస్తికుడు

రాష్ట్రం వచ్చిన కొత్తలో, మహబూబ్‌నగర్‌లో కిరాయి గదిలో ఉండగా, నాకు రెండే పనులు: పొద్దంతా దేవుళ్లు లేరని వాదించడం, మిగిలిన సమయంలో కొత్త దేవుళ్లను పుట్టించడం. మా హేతువాద బృందంలో పెద్దాయనకు ఇది గిట్టేది కాదు. "దయ్యాలు లేవని మైకుల చెప్తవు, కాయితం మీద మాత్రం పెంచుతవు. సిగ్గుండాలె" అనేవాడు. నాకు ఒళ్లు మండేది. కల్పన అని ఒప్పుకుని చెప్పే కథకూ, నిజమని నమ్మించే మోసానికీ తేడా తెలియనివాడికి హేతువాదం ఎందుకు? (ఇప్పటికీ అదే అంటాను. ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.) ఊహాలోకానికైనా నియమాలుండాలి, ఆ నియమాలకు కారణాలుండాలి, పాఠకుడు చదివినంతసేపు నమ్మి, పుస్తకం మూయగానే మానేయాలి. ఇదీ నా సిద్ధాంతం. అసలు పుస్తకమే తెరవనివాళ్లు నమ్మితే ఏం చేయాలో అందులో లేదు.

నా నవలలో దారాల తల్లి అని ఒకామె మగ్గం గుంతలో, నేసేవాళ్లు కాళ్లు పెట్టుకునే చోట, ఉంటుంది. చంద్రుడు పెరగడానికి ఎరుపు కావాలి, అది ఆమే దారాల్లోంచి తీసి అతనికి పట్టాలి. కనుక అమావాస్య నుంచి పున్నమి దాకా నేతగాళ్లు ఎర్రదారం ముట్టకూడదు. ఈ కారణాన్ని అతకడానికి నేను పడ్డ అవస్థ నాకే తెలుసు. ఫోనులో వారం వారం పెడుతున్న ఆ నవల్లోంచి ఎవడో ఈ ముక్క మాత్రం కోసి, నా పేరూ నవల పేరూ పీకేసి, "తప్పక పాటించండి, పదిమందికి పంపండి" అని తగిలించాడు. దాంతో నారాయణపేటలో మా పెద్దమ్మ మగ్గం ఆగిపోయింది. మగ్గం మీదున్నది ఎవరి పెళ్లికో సావుకారు నేయమన్న ఎర్రచీర. పున్నమిలోపు అందకపోతే ఇక నూలే ఇవ్వనన్నాడు. ఆమె బతుకుదెరువు ఆ మగ్గమే.

కోపంతో ఊగిపోతూ బస్సు దిగాను. పెద్దమ్మ మగ్గం పక్కన చేతులు కట్టుకుని కూర్చుని ఉంది.

"పెద్దమ్మా, గది నేను రాసిన కథ!"

"నువ్వా? తెలుగుల తప్పినోనివి, గసంటిది నువ్వెట్ల రాస్తవురా?"

"సప్లిమెంటరీల పాసైన గదా!"

"గది పాతకాలపు మాట బిడ్డా. నా చిన్నప్పుడు మా అవ్వ చెప్పేది."

"మీ అవ్వనా? మొన్న ఎండకాలం ఉప్మా తినుకుంట నేను పుట్టించిన!"

"ఉప్మా తినుకుంట దేవత పుడ్తదా? లెంపలేస్కో."

వాకిట్లో చాయ్ తాగుతున్న రంగుల చాచా (ఆ వాడకంతా నూలుకు రంగులద్దేవాడు) తల లోపలికి పెట్టాడు. "నిజంగ నీ రాతకే గింత పవరుంటే, జర మా ఇంటామె బీపీ తగ్గేటట్టు గూడ రాయి బేటా."

నేను తగ్గలేదు. సభల్లో చేసినట్టే టార్చిలైటు, నిమ్మకాయ తెప్పించి చంద్రుడు ఎందుకు పెరుగుతాడో చూపించాను. నిమ్మకాయ తిప్పుతుంటే దిష్టి తీస్తున్నాననుకుని పెద్దమ్మ కళ్లు మూసుకుని దండం పెట్టింది. అంతే, నాలోని సంస్కర్త తెగించాడు. "చూడు, ఏమైతదో చూడు!" అని అరిచి మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చున్నాను. (నేతగాడి కొడుకునే. కానీ నేత నేర్చుకోమన్నప్పుడల్లా పుస్తకం అడ్డం పెట్టుకున్నవాణ్ణి.) కింది తొక్కుడుచెక్కను ఒక కాలితో తొక్కాల్సింది రెండు కాళ్లతో తొక్కి, అడ్డపోగును మోసే నాడె విసరబోయి నిలువుపోగుల పడుగులోకి పొడిచాను. ఎర్రదారాలు పటపటా తెగాయి.

"అయ్యో, నా పడుగు! లే, లెవ్వురా గాడ్దికొడ్కా!" పెద్దమ్మ నా కాలరు పట్టి బయటికి లాగి, తానే గుంతలో కాళ్లు పెట్టి కూర్చుంది. తెగిన దారం కళ్లముందుంటే అన్నం కూడా దిగని మనిషి. వేళ్లకు బూడిద అద్దుకుని, కొసకు కొస మెలిపెడుతూ, నన్నూ నా చదువునూ తిట్టుకుంటూ ఆఖరి పోగు దాకా అతికింది. అప్పుడు గానీ తన చేతుల్లో ఉన్నది ఏ దారమో గమనించలేదు. చాచా చాయ్ తాగడం ఆపేశాడు. నేను ఉపన్యాసానికి గొంతు సవరించుకున్నాను.

"తెగిన దారం అతికెటోళ్లను తల్లి ఏమనదు" అంది పెద్దమ్మ నిమ్మళంగా. "అతికినంక నేయకుంట ఇడిస్తెనే ఆమెకు కోపమొస్తది."

"గా నియమం ఎక్కడిది? నా కథల లేదు!"

"నీ కథల లేకుంటేంది? మా అవ్వ చెప్పింది" అని నాడె విసిరింది.

చీర పున్నమికి ముందే సావుకారుకు చేరింది. అబద్ధాన్ని అబద్ధమే గెలిచిందని నేను చాలాకాలం రగిలిపోయాను. ఇప్పటికీ ఊహాలోకాలు రాస్తూనే ఉన్నాను, పేరు కోసి పంచేవాళ్లను తిడుతూనే ఉన్నాను. అయితే ఆ వాడలో గొంతు చించుకున్న కుర్రాడు గుర్తొస్తే మాత్రం నవ్వొస్తుంది. ఆ తల్లి లేనే లేదని చెప్పడానికి వెళ్లినవాడు, తిరుగు బస్సులో దారి పొడుగునా గొణుక్కున్నది ఆమె తనదేనని.