వెండి మోగింది, మేకు దొరికింది

ఆ రోజుల్లో నాకు ఎవర్ని చూసినా అనుమానమే. ఉద్యోగం ఉన్నవాడికి అనుమానించే తీరిక ఉండదు. నాకేమో ఉద్యోగం తప్ప అన్నీ ఉండేవి. డాట్‌కామ్ కంపెనీలు ఒకదాని వెనక ఒకటి మూతపడుతున్న 2002వ సంవత్సరం అది. నన్ను హెచ్-వన్ వీసా మీద అమెరికా తెచ్చిన కన్సల్టింగ్ కంపెనీ ఆయన "రెండు వారాల్లో ప్రాజెక్ట్ కన్ఫర్మ్ అయిపోతుంది, అప్పటిదాకా బెంచ్ మీద రిలాక్స్ అవ్వు" అని నాలుగు నెలలుగా చెబుతూ ఉన్నాడు. ఆ బెంచ్ అనేది టెక్సాస్‌లో, ప్లేనోలో మా అక్కావాళ్ళ హాల్లో ఉన్న సోఫా. పగలు దానిమీద కూర్చుని రెజ్యూమేలు పంపేవాణ్ణి, రాత్రి దానిమీదే పడుకునేవాణ్ణి, మధ్యలో ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా అక్క నావైపు చూసిందా లేదా అని ఓ కంట కనిపెట్టేవాణ్ణి. (పాపం, అక్క చూసేది కాదు. చూడకపోవడం మీద కూడా నాకు అనుమానమే.)

అలాంటి రోజుల్లో అక్కకి ఆడపిల్ల పుట్టింది. పురిటికి సాయంగా ఇండియా నుంచి వచ్చిన అమ్మ, హాస్పిటల్ నుంచి పాపని తెచ్చిన సాయంత్రమే నన్ను వంటింట్లోకి పిలిచింది. "ఇరవై ఒకటో రోజు బారసాల. మేనమామవి నువ్వు. వెండి మొలతాడు నువ్వే తేవాలి, నీ చేత్తో నువ్వే కట్టాలి. బావ జేబులోంచి తీసి కొన్నది పనికిరాదు, ముందే చెబుతున్నా" అంది. సరేనని తలూపాను. ఇర్వింగ్‌లో నగల షాపాయన చెప్పిన ధర విన్నాక ఆ తల మళ్ళీ ఊపలేదు. నా బ్యాంకు ఖాతాలో అప్పటికి మిగిలింది కారు ఇన్సూరెన్సుకి సరిపోను. బావని అడగొచ్చు. అడిగితే ఇస్తాడు కూడా. కానీ ఆయన సోఫా మీద పడుకుని, ఆయన అన్నం తిని, ఆయన కూతురికి ఆయన డబ్బుతోనే మేనమామ లాంఛనం జరిపిస్తే, ఆ తర్వాత ఆ ఇంట్లో నేను తల ఎత్తి ఎలా తిరగాలి?

సరిగ్గా అప్పుడే బావ గ్యారేజీలోంచి ఒక యంత్రం బయటికి తీశాడు. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ గుమ్మం ముందు అమ్ముతుంటే కొన్నాడట. పొడుగాటి కర్ర, కర్ర చివర భోజనం పళ్ళెమంత పళ్ళెం, పైన చేతి దగ్గర చిన్న తెర. పళ్ళెం నేలమీద ఇటూ అటూ ఊపుతూ నడిస్తే కింద లోహం ఉన్నచోట మోగుతుంది. ఇనుమైతే ఆకలేసిన కడుపులా గుర్రుమంటుంది, వెండైతే గుడిగంటలా టింగుమంటుంది. "బామ్మర్దీ, అరవైల ముందు కొట్టిన డైము, క్వార్టరు నాణేలన్నీ వెండివేనోయ్. పాత ఇళ్ళ చుట్టూ భూమిలో ఎన్ని పడుంటాయో! మా ఆఫీస్‌లో ఒకతని పెదనాన్నకి పొలం ఉంది, పర్మిషన్ తీసుకున్నా" అన్నాడు బావ. నాకు వెంటనే పాప నడుము గుర్తొచ్చింది. పసిపిల్ల నడుమెంత, జానెడు. నా వాటాకి ఆరేడు బిళ్ళలొస్తే ఇర్వింగ్ షాపులో ఇచ్చి మొలతాడు తెచ్చేయొచ్చు. అది మేనమామ చేత్తో, అక్షరాలా మట్టి తవ్విన చేత్తో తెచ్చిన వెండి అవుతుంది. మగాళ్ళిద్దరూ ఇంట్లో అడ్డంగా ఉన్నారని విసుక్కుంటున్న అమ్మ కూడా "వెళ్ళండి, వెళ్ళి ఏదో తవ్వుకోండి" అంది. బారసాల లోపల మూడు శనివారాలున్నాయి.

పొలం ప్లేనో దాటి ఉత్తరంగా ముప్పావుగంట డ్రైవ్. ఆ పెద్దాయన తలమీంచి టోపీ దిగడం మేమెప్పుడూ చూడలేదు కాబట్టి మాలో మేం టోపీ తాత అని పిలుచుకునేవాళ్ళం. ఆయన పుట్టిన ఇల్లు ఎప్పుడో కాలిపోయింది. పొయ్యి కట్టిన ఇటుకలు నాలుగు మిగిలాయి. మా ఇద్దరినీ, మా యంత్రాన్నీ చాలాసేపు చూసి ఆయన ఒకే షరతు పెట్టాడు. తవ్విన చెత్తంతా ఈ బకెట్లో వెయ్యాలి, వెండి దొరికితే ముందు నాకు చూపించాలి, అందులో నాకు కావలసింది ఉంచుకుని మిగతాది మీకిస్తాను. చెప్పి, మడత కుర్చీ తెచ్చుకుని చెట్టు నీడలో మాకెదురుగా కూర్చున్నాడు. అంతకు ముందు సంవత్సరమే న్యూయార్క్‌లో జంట టవర్లు కూలి దేశం అంత దెబ్బ తినుంది. గోధుమరంగు వాళ్ళిద్దరు ఏదో యంత్రంతో పొలంలో తిరుగుతుంటే రోడ్డు మీద పోయే ప్రతి పికప్ ట్రక్కూ మా దగ్గరికి రాగానే నెమ్మదించేది. బావ ప్రతి ట్రక్కుకీ చెయ్యి ఊపేవాడు. నేనైతే పార వెనక్కి దాచేవాణ్ణి. (దాచడం వల్లే అనుమానం ఎక్కువవుతుందని అప్పుడు తట్టలేదు.)

ఇక మా పని పద్ధతి చెప్పాలి, కథంతా దాన్లోనే ఉంది. యంత్రం ఒకటే కాబట్టి ఒకరు ఊపాలి, ఒకరు తవ్వాలి, గంటకోసారి మారాలి. ఇల్లు కాలిన చోట కదా, అడుగడుగునా మేకులు, ముళ్ళతీగ ముక్కలు, తుప్పు పట్టిన గొళ్ళేలు, డబ్బా మూతలు. ఎక్కడ పళ్ళెం పెట్టినా గుర్రే. ఇలాంటి చోట వెండి మేకుల చాటున దాక్కుంటుందని, మేకు తీసేసి మళ్ళీ ఆ గోతిమీద పళ్ళెం ఊపితేగాని అసలు సంగతి తెలియదని బావ ఇంటర్నెట్‌లో చదివాడు. అందుకని గుర్రుమన్న చోటల్లా ఒకరు గొంతుకూర్చుని మేకు పీకేవారు, ఇంకొకరు వాళ్ళ పక్కనే నిలబడి, గడ్డి ఏపుగా ఉంది కాబట్టి మోకాలెత్తున పళ్ళెం మళ్ళీ ఊపేవారు. మొదటి శనివారం నేను ఊపుతున్నాను, బావ మేకు పీకాడు. పళ్ళెం అటు తిప్పానో లేదో, టింగ్! తెర మీద వెండి గుర్తు. "బావా, వెండి!" అని అరిచాను. బావ ఇంకో జానెడు తవ్వి మట్టంతా వేళ్ళతో నలిపి, "ఏం లేదోయ్" అంటూ లేచాడు. లేస్తూ నడుం దగ్గర నిక్కరు సర్దుకున్నాడు. మళ్ళీ ఊపి చూశాను. యంత్రం నోరు మెదపలేదు.

ఒకసారైతే యంత్రం పొరపాటనుకుంటాం. ఆ రోజు తొమ్మిదిసార్లు అలాగే జరిగింది. బావ కూర్చుంటే టింగ్, బావ లేస్తే నిశ్శబ్దం, లేచిన ప్రతిసారీ నిక్కరు సర్దుకోవడం. (నేను తవ్వేటప్పుడూ మోగేది, కానీ అది మాత్రం యంత్రం పొరపాటేనని తేల్చేసుకున్నాను.) యంత్రం అబద్ధం చెప్పదు, చెప్పి దానికొచ్చేదేమీ లేదు. మరి వెండి ఎక్కడికి పోయింది? పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు బావ గోతిలో బిళ్ళలు నొక్కేసి నడుములో దోపుకుంటున్నాడని నాకు రూఢి అయిపోయింది. సాయంత్రం ఇంటికి రాగానే ఆయన "చెమట పట్టింది" అని సరాసరి బాత్రూంలోకెళ్ళి గడియ పెట్టుకున్నాడు. మామూలు మనుషులు గడియ పెట్టుకునే స్నానం చేస్తారన్న ఇంగితం కూడా నాకు లేకపోయింది. రెండో శనివారం పదకొండుసార్లు టింగుమంది. ఆ రాత్రి లాండ్రీ బుట్టలోంచి బావ నిక్కరు తీసి జేబులు తిరగేస్తుంటే పాపని భుజాన వేసుకుని అక్క గుమ్మంలో నిలబడి ఉంది. నా చేతిలో అప్పటికి ఒక మేకు ఉంది. "డబ్బులు కావాలంటే అడగొచ్చు కదరా" అంది మెల్లిగా. ఆ మాటకంటే ఆ మెల్లిగా అనడానికి నాకు ఎక్కువ సిగ్గేసింది. అయినా ఆ కోపం కూడా బావ మీదే చూపించుకున్నాను, మనసులో.

మూడో శనివారం. మర్నాడే బారసాల. నా చేతిలో వెండి లేదు సరికదా, మూడు బకెట్ల మేకులు పీకిన పొక్కులున్నాయి. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు, మాకు ఎలుక కూడా దక్కలేదు. పదకొండింటికి తవ్వే వంతు నాది. ఒక పెద్ద మేకు పీకాను. దాని కిందే, నల్లమట్టిలో, తెల్లగా ఒక అంచు మెరిసింది. డైము! అసలైన పాత వెండి డైము. అప్పుడు బావ, యంత్రం చేతిలో పట్టుకునే, టోపీ తాత అడిగిన దేనికో జవాబు చెబుతూ అటు తిరిగి ఉన్నాడు. నేను అరవాలి. అరవలేదు. 'ఈయన ఈపాటికి ఇరవై నొక్కేసి ఉంటాడు, నేను ఒక్కటి తీసుకుంటే తప్పేంటి' అనుకున్నాను. అనుకుంటూ ఉండగానే నా చెయ్యి ఆ డైముని కుడికాలి సాక్సులోకి తోసేసింది. నేను చేశానని ఇప్పటికీ ఒప్పుకోలేను, చెయ్యే చేసింది.

పక్క గోతి దగ్గర కూర్చున్నాను. బావ పళ్ళెం ఊపాడు. టింగ్! నా గుండె సాక్సులోకి జారింది. "ఏదీ, చేతులు చూపించు" అన్నాడు బావ. ఆ గొంతు నేనెప్పుడూ విన్లేదు. చేతులు చూపించాను. "ఏమోయ్, మొదటి రోజు నుంచీ చూస్తున్నా. నువ్వు కూర్చుంటే మోగుద్ది, లేస్తే ఆగిపోద్ది. ఇంట్లోవాడివని ఊరుకున్నా" అన్నాడు. నాకు తిక్క రేగింది. "నేనా? మూడు వారాల్నించి మీరు నడుములో దోపుకున్నవి ముందు బయటపెట్టండి బావా! లేచినప్పుడల్లా ఏం సర్దుకుంటున్నారో నాకు తెలీదనుకున్నారా?" అని అరిచాను. ఆయనా అరిచాడు. "ఇంక నువ్వూ వద్దు, నీ సోఫా వద్దు" అని బావ అనే దాకా వచ్చింది. అది ఆయన సోఫానే అని గుర్తొచ్చి ఇద్దరం ఒక్క క్షణం ఆగాం.

ఆ ఒక్క క్షణంలో టోపీ తాత కుర్చీలోంచి లేచొచ్చి బావ చేతిలోంచి యంత్రం తీసుకున్నాడు. మా భాష ఆయనకి రాదుగానీ దొంగతనం మీద జరిగే తగువు ఏ భాషలోనైనా తెలిసిపోతుందేమో. ఎయిర్‌పోర్టులో కర్రతో తడిమినట్టు ముందు బావ పొట్ట దగ్గర పెట్టాడు. టింగ్. నా పొట్ట దగ్గర పెట్టాడు. టింగ్. "చొక్కాలు ఎత్తండి" అన్నాడు ఇంగ్లీషులో. ఎత్తాం. బావ నడుముకి వెండి మొలతాడు. నా నడుముకి వెండి మొలతాడు. నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఒంటి మీదే ఉన్నది, స్నానం చేస్తూ రోజూ తడిమేది, వెండిదని ఒక్కసారి కూడా గుర్తురానిది. మూడు వారాలుగా మేం తవ్వినదంతా మా నడుముల కోసం! బావ నవ్వాపుకోలేక ఒంగిపోయాడు. "ఇది మా సంప్రదాయం సార్, చిన్నప్పుడు కడతారు, మగాళ్ళు తీయరు" అని ఇంగ్లీషులో వివరిస్తున్నాడు. నేనూ నవ్వాను. నవ్వుతుండగానే టోపీ తాత పళ్ళెం కిందికి దించాడు. నా కుడిపాదం దగ్గర టింగ్.

"పాదానికి కూడా సంప్రదాయమా?" అన్నాడు తాత.

గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నాడని చదువుకున్నాను, నేను కాలు వెనక్కి లాక్కున్నాను. బావ నవ్వు ఆగిపోయింది. నన్ను చూశాడు, నా బూటు చూశాడు. తర్వాత తాతవైపు తిరిగి తొణక్కుండా, "అవును సార్. ఆడపిల్ల పుడితే మేనమామ బారసాల దాకా మేజోడులో బిళ్ళ పెట్టుకుని తిరగాలి, మాలో ఆచారం" అన్నాడు. నన్ను దొంగ అని అప్పుడే తిట్టిన మనిషి నాకోసం అబద్ధమాడుతుంటే ఇక నిలబడలేకపోయాను. అక్కడే కూలబడి బూటు విప్పి, తడిమట్టి ఇంకా అంటుకునే ఉన్న డైము తీసి తాత చేతిలో పెట్టాను. పాప సంగతి, మొలతాడు సంగతి, నా బెంచ్ సంగతి వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆయన అంతా విని, డైముని చొక్కాకి తుడిచి జేబులో వేసుకున్నాడు. "ముందు నాకు చూపించమన్నాను. చూపించావు, కాస్త ఆలస్యంగా" అన్నాడు. బకెట్ నా చేతికిచ్చి, "మేకులు మాత్రం మీవే. నా గుర్రాల కాళ్ళల్లో దిగుతున్నాయి. ఇన్నేళ్ళలో ఇంత శుభ్రంగా ఎవరూ ఏరలేదు" అని మొదటిసారి నవ్వాడు.

బావ కారుని హైవే ఎక్కించాడు. తర్వాత "నన్ను అడగాల్సింది కదోయ్" అన్నాడు. ఇంకాసేపటికి "మీ అక్కకి చెప్పనులే, ఒట్టు" అన్నాడు. మర్నాడు తెల్లారకుండానే గ్యారేజీలోకెళ్ళి, బావ పటకారుతో నా మొలతాడు రెండు ముక్కలు చేశాను. జానెడు ముక్కకి కొక్కెం బిగించి బారసాలలో పాప నడుముకి కట్టాను. అమ్మ ఆ వెండివైపు చాలాసేపు చూసింది. ఒకప్పుడు అది చేయించింది తనే. పక్కకి పిలిచి "చొక్కా ఎత్తు" అంది. ఎత్తాను. మిగిలిన ముక్కకి నల్లదారం ముడేసి కట్టుకుని ఉన్నాను. అమ్మ కొంగుతో కళ్ళొత్తుకుని ఇంకో లడ్డూ నా చేతిలో పెట్టింది.

ప్రాజెక్ట్ ఆ పై నెలలో వచ్చింది. ఇప్పుడు మా మేనకోడలికి పన్నెండేళ్ళు. ఈ మధ్య స్కూల్లో ఫ్యామిలీ హిస్టరీ ప్రాజెక్ట్ అని అక్క బీరువాలోంచి ఆ చిన్న మొలతాడు తీసుకుని నా దగ్గరికొచ్చింది. "మామయ్యా, ఈజ్ దిస్ ద సిల్వర్ యూ స్టోల్ ఫ్రమ్ ద కౌబాయ్?" అంది. సోఫాలో బావ ల్యాప్‌టాప్ కాస్త పైకెత్తి మొహం దాచుకున్నాడు. ఒట్టు అక్కకి చెప్పనన్నదే, కూతురికి చెప్పనని కాదు. దొంగిలించింది కాదమ్మా, నాదే, కోసి నీకిచ్చాను అన్నాను. అది నమ్మలేదు. మేనమామ పోలిక ఎక్కడికి పోతుంది? నడుం మీద చేతులు పెట్టుకుని, వాళ్ళ అమ్మమ్మ గొంతుతో, "అయితే చొక్కా ఎత్తు మామయ్యా" అంది. ఎత్తాను. వెండి అంతే ఉంది. ఏడాదికింత చొప్పున నల్లదారం మాత్రం చాలా పెరిగింది. పిల్ల వంగి, తన గొలుసు కొసని నా గొలుసు కొసకి ఆనించి, పటకారు నొక్కులు రెండూ పోల్చి చూసుకుంది.

"ఓకే, సరిపోయింది" అంది, ఇంకా కొంచెం అనుమానంగానే.