కుక్కలకు సన్నబియ్యం

మా గడిలో, కోటలాంటి ఆ దొరల ఇంట్లో, మూడు జాతుల కుక్కలుండేవి. మూడింటికీ ఒకే కుండలో వంట. పొద్దున పెద్ద దర్వాజా తెరవగానే ముందరి అరుగు మీద మూడు ఇత్తడి తాంబాళాలు పెట్టి, సన్నబియ్యపు అన్నం మీద నెయ్యి వేసి, మేకమాంసం ఉడికించిన నీళ్లు పోసేవారు. దారిన పోయేవాళ్లు చూడాలనే అరుగు మీద పెట్టడం. గడి కుక్క ఏం తింటుందో ఊరికి తెలిసి ఉండాలని తాత అనేవాడు.

కానీ ఆ మూడూ ఒకే తిండికి పుట్టినవి కావు. ఆల్సేషన్‌కు బొచ్చు రెండు పొరలు. ఎండాకాలం ముందు లోపలి ఉన్నిని దువ్వి తీయకపోతే కింద చెమ్మ పట్టి పుండ్లు లేచేవి. మనిషి వెంట తిరిగే పని లేకుండా కట్టేసి మేపితే ఒళ్లు పెరిగేది, ఒళ్లు పెరిగితే వెనక కాళ్లు పోయేవి. అమ్మ పెంచుకున్న తెల్ల పొమరేనియన్‌కు పిడికెడు తిండి చాలు. ఎప్పుడూ మెత్తటి అన్నమే పెట్టడంతో దాని పళ్లకు పాచి కట్టింది. మెడ పట్టా కొంచెం బిగిసినా దగ్గేది. మూడోది కారవాన్ వేటకుక్క. సన్నటి నడుము, లోతైన ఛాతీ, ఒంటికి అంటుకున్నట్టుండే పొట్టి వెంట్రుకలు. దాని పక్కటెముకలు కనిపించాలి, కనిపించకపోతే అది పరుగెత్తలేదు. కండ తప్ప కొవ్వు లేని ఒళ్లు కాబట్టి చలికి ఆగదు, బండల మీద పడుకోబెడితే మోచేతులు పుండ్లవుతాయి. కొత్తవాళ్లు చెయ్యి వేస్తే ముడుచుకుపోతుంది. ఇంటికి నేనొక్కదాన్నే వారసురాలిని కాబట్టి తాత నన్ను వెంట తిప్పుకుని ఇవన్నీ చూపించాడు.

తాత పోయాక, దొరల మీద తిరగబడ్డ సంఘం దళాలు మా వైపు గుట్టల్లోకి వచ్చినప్పుడు బాపు మమ్మల్ని పట్నం తీసుకుపోయాడు. మోటారు ఎక్కించబోతే వేటకుక్క పట్టా తప్పించుకుని యాచారం తోవన ఉరికింది. దానికోసం ఆగే సమయం కాదది. మిగిలిన రెండిటితో వెళ్లిపోయాము. మేము లేనప్పుడు గడిలోని ధాన్యం పాతర్లు తవ్వి ఊరివాళ్లు పంచుకున్నారని తర్వాత విన్నాము. పట్నంలో అద్దె ఇంటి మేడ మీద ఆల్సేషన్‌కు ఒళ్లు పెరిగింది, పొమరేనియన్‌కు దగ్గు పెరిగింది.

యూనియన్ మిలటరీ వచ్చి, రజాకార్ల భయం, దళాల భయం పోయాక మా ఊరు ఇబ్రహీంపట్నం తిరిగి వచ్చాము. దర్వాజా తలుపులు లేవు. పాతర్లలో వానకు చేరిన నీళ్లు నిలిచి ఉన్నాయి. పొలాలు ఎవరు దున్నుతున్నారో అడిగే రోజులు కావు. పట్నం నుంచి తెచ్చిన సన్నబియ్యం మూట ఒక్కటే ఉంది. దాన్ని ముట్టవద్దని బాపు చెప్పాడు. లోపల మేము జొన్నరొట్టె తిన్నాము. బయట అరుగు మీద తాంబాళాల్లో కుక్కలకు సన్నబియ్యం అన్నం, నెయ్యి. అమ్మకు అది నచ్చలేదు. నేను బాపునే సమర్థించాను. ఇల్లు లోపల ఎట్లా ఉన్నా వాకిలి నిలబడాలని నాకూ అనిపించేది.

వేటకుక్క బతికే ఉందని, ఊరవతల గొల్లామె గొర్ల వెంట తిరుగుతోందని తెలిసింది. బాపు కబురు పంపాడు. ఆమే తాడు కట్టి తీసుకొచ్చింది. మునుపు గడి ముందుకొస్తే చెప్పులు చేతిలో పట్టుకుని “నీ బాంచెన్ దొరా” అనే మనిషి, ఆ రోజు చెప్పులతోనే అరుగు దగ్గర నిలబడింది.

“ఇగో దొరా, మీ కుక్క. నేనైతే పట్టుకోలె. మీరు ఇడిసిపోయిన్రు, అదే వచ్చింది.”

ఏం పెట్టావని బాపు అడిగాడు.

“మా సట్టిల ఉన్నదే పెట్టిన. దానికి వేరే వండుతనా? కుందేలు దొరికిన్నాడు అదే మాకు పెట్టింది.”

ఆమె నవ్వింది. బాపు నవ్వలేదు. ఆయన కళ్లు కుక్క పక్కటెముకల మీదే ఉన్నాయి. ఆమె వెళ్లాక, ఈ జాతి ఇట్లాగే ఉండాలని, దీన్ని కట్టేయకూడదని చెప్పాను.

“నాకు తెల్వదా బిడ్డా? ఊరోళ్లకు తెల్వదు. గడి కుక్క బొక్కలు తేలిందంటే, గడి బొక్కలు తేలిందంటరు.”

బాపే గొలుసుతో అరుగు స్తంభానికి కట్టాడు. అన్నం, నెయ్యి మొదలుపెట్టాము. కొద్ది రోజుల్లోనే విరేచనాలు పట్టాయి. అంత నెయ్యి ఆ పేగులకు అలవాటు తప్పింది. బక్కపడిందని బాపు నాతో ఇంకా ఎక్కువ పెట్టించాడు. చలికాలం దిగింది. నేను గోనెపట్టా పరిచాను కానీ, అది గొలుసు తిరిగినంత మేరా తిరిగి తిరిగి బండ మీదే పడేది. మోచేతులు పగిలాయి. కానుగ నూనె రాస్తే నాకేసేది. అది వదిలేసిన అన్నం పక్కనున్న ఆల్సేషన్ తినేది. చివరికి ఒకటి తిండి లేక, ఒకటి తిండి ఎక్కువై, రెండూ లేవలేని స్థితికి వచ్చాయి.

వేటకుక్క కళ్లు లోపలికి పోయిన రోజు, జొన్నగంజిలో మజ్జిగ కలిపి పోస్తానని బాపును అడిగాను. అరుగు మీద వద్దన్నాడు. కుక్క గంజి తాగితే మేము ఏం తింటున్నామో చెప్పకనే చెప్పినట్టు. పెరట్లోకి ఎత్తుకెళ్లి పోశాను. నాలుగు గుక్కలు తాగింది. మళ్లీ తెచ్చి అరుగు దగ్గర కట్టాను. విరేచనాలు తగ్గాయి, లేవడం మాత్రం లేదు. ఇక పోతుందనే అనుకున్నాను.

ఆ వారంలోనే ఒక పొద్దున గొల్లామె మంద గడి ముందునుంచి పోయింది. గొర్ల మెడల్లో గంటలు వినగానే, నేను పిలిస్తే తల ఎత్తని కుక్క ముందుకాళ్ల మీద లేచింది. వెనక కాళ్లు వణికాయి. గొలుసు సాగినంత దూరం పోయి నిలబడింది. గొల్లామె ఆగింది. దానిని చూసి, తర్వాత బాపును చూసింది.

“దొరా, అది సచ్చెదాంక గడి కుక్కనే. సచ్చినంక ఎవలి కుక్క?”

ఆమె మందను అదిలించింది. మంద వెళ్లిపోయింది. కుక్క అట్లాగే నిలబడి, గంటలు వినపడనంత దూరం పోయాక పడిపోయింది.

కుక్కకు ఊపిరి ఆడుతూనే ఉంది. పొద్దు వాలుతుండగా బాపు గొలుసు విప్పాడు. జీతగాళ్లు లేరు. ఉన్నా పిలిచేవాడు కాదనుకుంటాను. కుక్కను గొంగడిలో చుట్టి తానే ఎత్తుకున్నాడు. బండి లేకుండా, ముందర మనిషి లేకుండా బాపు ఊళ్లో నడవడం నేను అంతకుముందు చూడలేదు. నేను వెనక నడిచాను. అరుగుల మీద కూర్చున్నవాళ్లలో కొందరు లేచారు, కొందరు లేవలేదు. ఆయన నడుము వంచకుండా నడిచాడు.

గొల్లామె దొడ్డి ముందు కంప సర్దుతోంది. బాపు కుక్కను ఆమె గుడిసె ముందు దించాడు.

“ఇది గడి కుక్కనే. నీ దగ్గర ఉంచుతున్న. గంతే.”

“అవ్ దొరా, గడి కుక్కనే. మా ఇంట్ల ఉంటది.” కంప కింద పెట్టి చేతులు దులుపుకుంది. “గని ముందే చెప్తున్న, మా ఇంట్ల సన్నబియ్యం లెవ్వు.”

బాపు కుక్క మీది గొంగడి సరిచేశాడు. నిటారుగా నిలబడ్డాడు.

“మా ఇంట్ల గూడ లెవ్వు,” అన్నాడు.

 ఆమె లోపలికి పోయి సట్టి తెచ్చింది.

మరునాటి నుంచి అరుగు మీద తాంబాళాల్లో జొన్నసంకటి, మజ్జిగ పెట్టాము. పట్టపగలు, అందరూ చూస్తుండగానే. ఆల్సేషన్ ఒళ్లు కొంత తగ్గింది కానీ, వెనక కాళ్లు పూర్తిగా బాగుపడలేదు. ఆ జాతికి ఒకసారి పోయిన కాళ్లు అంత తేలిగ్గా తిరిగి రావు. పొమరేనియన్‌కు ఎముకలు వేయడం మొదలుపెట్టేసరికి దానికి కొరికే పళ్లు మిగల్లేదు.

వేటకుక్క లేచింది. చలి పోయే సరికి మంద ముందు ఉరికేది. గడి ముందునుంచి పోయేటప్పుడు అరుగు వైపు ఒకసారి చూసేది, ఆగేది కాదు. దాని పక్కటెముకలు దూరానికే కనిపించేవి. బాపు అరుగు మీద ఉంటే, ఆ కుక్క ఎవరిదని కొత్తవాళ్లు అడిగేవారు.

“మాదే,” అనేవాడు.