ముట్టని కాఫీలో పంచదార

నా చిన్నప్పుడు ఇంట్లో పప్పులు నిండుకుంటే అమ్మ, "బేరూట్‌కి వెళ్ళొద్దాం పద" అనేది. జెర్సీ సిటీలో మా అపార్ట్‌మెంట్ కిందే ఉన్న కిరాణా కొట్టుకి ఆమె పెట్టుకున్న పేరది. ఎడిసన్‌లో ఇప్పుడున్న ఇండియన్ షాపులు అప్పటికింకా రాలేదు. ధనియాలు, చింతపండు, శనగలు అన్నీ ఆ లెబనాన్ అంకుల్ దగ్గరే కొనేవాళ్ళం.

అసలు బేరూట్‌లో అప్పుడు అంతర్యుద్ధం. ఊరు తూర్పు, పడమర అని రెండుగా చీలిపోయింది. అంకుల్ వాళ్ళంతా తూర్పువైపు. ఆయన భార్య, మా ఆంటీ, పుట్టిల్లు పడమరవైపు. రేడియోలో వార్తలు వస్తే ఇద్దరూ చేతిలో పని ఆపి వినేవారు. విన్నదాని గురించి మాత్రం మాట్లాడుకునేవారు కాదు. జెర్సీ సిటీలో ఉన్న రెండువైపులవాళ్ళూ ఆ కొట్టుకే వచ్చేవారు. గడప దాటాక ఎవరిది ఏ వైపని అడగకూడదు, అంతే.

ఒక చలికాలం బందరు నుంచి మా అమ్మమ్మ వచ్చింది. ఇంగ్లిష్ రాదు, ఇంట్లో తోచదు. రోజూ ఆ కొట్లో హీటర్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేది. ఆంటీ యాలకులు వేసి కాచిన నల్లటి కాఫీ ఇస్తే రెండు చెంచాల పంచదార కలుపుకుని, "కాఫీ అని పేరు పెట్టి కషాయం తాగుతున్నారే వీళ్ళు" అని నాతో అనేది. మర్నాడు మళ్ళీ వెళ్ళేది.

ఒక శనివారం మేమిద్దరం అక్కడుండగా అంకుల్ వాళ్ళ అన్నయ్య వచ్చాడు. చుట్టి తెచ్చిన పెద్ద ఫొటో విప్పాడు. తూర్పువైపు నాయకుడిది. దాన్ని కొట్టు అద్దానికి అంటించమని అడిగి, ఆంటీ ఇచ్చిన కాఫీని ముట్టకుండా కౌంటర్ మీద పెట్టేశాడు.

అంకుల్ ముఖం పాలిపోయింది. వాళ్ళ పద్ధతి ఆంటీ నాకు అంతకుముందే చెప్పింది. వచ్చినవాడు కప్పు ముట్టకుండా పెట్టాడంటే, అడిగింది ఇస్తేనే తాగుతానని అర్థం. తాగకుండా లేచి వెళ్ళిపోతే ఆ ఇంటితో తెగిపోయినట్టే. అడిగింది ఇవ్వకముందే తాగాడా, ఇక ఆ మాట ఎత్తకూడదు. ఫొటో పెడితే, తన పుట్టింటి మీద బాంబులు వేయిస్తున్నవాడి బొమ్మ పక్కన ఆంటీ రోజూ సరుకులు తూచాలి. పెట్టకపోతే అంకుల్‌కి అన్న లేనట్టే.

అమ్మమ్మకు ఇదేమీ తెలియదు. ఆవిడ చూపంతా ఆ కప్పు మీదే ఉంది. చేదు మింగుడుపడక వదిలేశాడనుకుంది. "పాపం, పంచదార వెయ్యలేదల్లే ఉంది. ఆ సీసా ఇలా ఇవ్వవే" అని అటు చెయ్యి చూపించి నన్నడిగింది. ఆవిడ చెయ్యి చూపించిన వైపు ఆంటీ చూసింది. నేను కదిలేలోపే సీసా తెచ్చి ఆవిడ చేతికిచ్చింది.

అమ్మమ్మ రెండు చెంచాలు వేసి, బాగా కలిపి, కప్పు ఆయన చేతిలో పెట్టింది.

"తాగు నాయనా. చల్లారితే ఇంకేం బాగుంటుంది?"

అని, తాగేదాకా కదలనన్నట్టు అక్కడే నిలబడింది. ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఆయన తల్లిదీ ఇంచుమించు ఆ వయసే. బేరూట్‌కి ఫోన్లు కలవక ఆవిడ గొంతు విని చాలా రోజులైందని అంకుల్ అంటుండేవాడు. ఆయన అమ్మమ్మను చూశాడు, కప్పును చూశాడు. తాగేశాడు. ఆ తీపికి ముఖం వికారంగా పెట్టాడు. ముందు అంకుల్ నవ్వాడు, తర్వాత ఆయనా నవ్వక తప్పలేదు. వెళ్ళేటప్పుడు ఫొటో చుట్టుకుని చంకలో పెట్టుకుని వెళ్ళాడు.

పంచదార మీరే వేసి ఇవ్వచ్చుగా అని తర్వాత ఆంటీని అడిగాను.

"నేను వేస్తే అది పడమరవైపు పంచదార అయ్యేది" అంది. "మీ గ్రాండ్‌మాది బందరు కదా."

పెద్దయ్యాక పత్రికలో చేరి ఎన్నో తగాదాల దగ్గర కూర్చున్నాను. అందరూ ముందుగా అడిగేది నువ్వెవరి వైపని. నేను ముందుగా చూసేది కప్పుల వైపు. ముట్టనిది ఒకటి కనిపిస్తే, నోట్‌బుక్ పక్కన పెట్టి పంచదార ఎక్కడుందని అడుగుతాను.