గంప కింద పొయ్యి

యలహంకలో వైమానిక స్థావరం పక్కనున్న మా మేనకోడలి ఫ్లాటు మీదుగా యుద్ధవిమానాలు పోతుంటాయి. అవి దాటిపోయేదాకా ఎంతటి వాదమైనా ఆగాల్సిందే. నా నోరు మూయించగలిగినవి ఈ ఊళ్ళో అవొక్కటే. మొన్న ఆదివారం ఆ పిల్ల ల్యాప్‌టాప్ నా వైపు తిప్పింది. దేవనహళ్ళి పక్క పల్లెల్లో మామూలు కుటుంబం ఆదాయం ఏళ్ళ తరబడి ఎలా మారిందో అంచనా కట్టడం ఆమె ఉద్యోగం. ఊళ్ళోని కుటుంబాలన్నిటినీ ఆదాయం ప్రకారం వరసగా నిలబెడితే సరిగ్గా నడిమిన నిలిచే కుటుంబానికి ఎంత వస్తుందన్నదే లెక్క. తెరమీద గీత మెల్లగా ఎక్కుతూ వచ్చి, ఒకచోట గుంటలో పడ్డట్టు దిగి, మళ్ళీ ఎక్కింది. "మామా, ఇది అమ్మ వాళ్ళ ఊరు. ఈ ఇయర్ ఏమైంది, కరువా? డేటా తప్పయితే తీసేస్తా" అంది. "తీసేయొద్దు. ఆ గుంట లేకపోతే నువ్వీ ల్యాప్‌టాప్ ముందు ఉండేదానివి కాదు" అన్నాను.

అప్పట్లో నాకు సర్కారు సర్వే ఉద్యోగం కొత్త, నోరు పాతది. మూఢనమ్మకాల మీద సభల్లో వాదించి వాదించి గొంతు బొంగురుపోయిన రోజులు. నగరంలో ఒక ధర్మసంస్థ పల్లెటూరి ఆడపిల్లలకు ఉచిత హాస్టల్ నడిపేది. సర్వేలో ఊరి నడిమి కుటుంబం ఆదాయం ఒక హద్దు దాటితే ఆ ఊరికి సీట్లు లేవు. మా పెద్దమ్మ వాళ్ళ ఊరు ప్రతిసారీ దాటేది. పెద్దమ్మ కూతురు, అంటే నా చెల్లెలు, ఏడో తరగతి పాసై కూర్చుంది. పై క్లాసులు ఊళ్ళో లేవు. ఆ ఏడు సీటు రాకపోతే పట్టుపురుగులకు ఆకు వేసుకుంటూ ఉండిపోవడమే. ఆ సర్వేకు నన్నే పంపారు.

పెద్దమ్మ అత్తగారు, మేమంతా అవ్వ అనే ఆవిడ, సంచీ తగిలించుకుని వచ్చిన నన్ను చూడగానే నేను బంధువునన్న సంగతి మరిచిపోయింది. "రాసుకోప్పా. ముగ్గురు కొడుకులు, ఒకటే సంసారం" అని ముగ్గురి రాబడీ కలిపి చెప్పింది. మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్ళాను. ముగ్గురు కోడళ్ళు ఒకే పొయ్యి చుట్టూ మోచేతులతో పొడుచుకుంటూ వండుతున్నారు. మూలన రెండు గంపలు బోర్లించి ఉన్నాయి. వాటి అల్లిక సందుల్లోంచి పొగ వస్తోంది. ఒకటి ఎత్తి చూశాను. కింద పొయ్యి, అందులో అప్పుడే నీళ్ళు చల్లి ఆర్పిన కట్టెలు. "మూసేయప్పా, అత్త చూస్తాది!" అని గుసగుసలాడింది చిన్న కోడలు.

ఆ పక్క పల్లెల్లో అన్నదమ్ములు వేరుపడితే ఎవరూ ఏమీ అనరు. వేరుపడ్డామని పరాయివాడి ముందు ఒప్పుకుంటేనే పరువు పోతుంది. పెళ్ళిచూపులకు వచ్చినా, సర్కారు మనిషి వచ్చినా, ఒక్క పొయ్యి ఉంచి మిగతావి ఆర్పి గంప బోర్లిస్తారు. నేను అంతవరకూ తిట్టిన ఆచారాలన్నిటిలోకీ ఖరీదైనది ఇదే. ముగ్గురు పేదల సంసారాలు కాగితం మీద కలిసి ఒక కలిగిన ఇల్లయ్యేవి. ఊరంతా అదే వరస.

"ఒక పొయ్యి మీద తినేవాళ్ళే ఒక కుటుంబం అవ్వా. మీవి మూడు" అన్నాను.

"ఎవురప్పా చెప్పింది?"

"గంప చెప్పింది."

"నీ నోరు కోర్టులో ఉండాల్సింది. మా వంటింట్లో దానికేం పని?"

నేను పరువు మీదా సత్యం మీదా, చేజారబోతున్న హాస్టల్ సీటు మీదా ఉపన్యాసం అందుకున్నాను. ఆవిడ వక్కాకు నములుతూ మొత్తం వింది. "అయిందా? సంగటి సల్లారతా ఉండాది, తిను" అంది. ఇంటివాళ్ళు చెప్పనిది రాయడం నాకు చేతకాదు. పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాను. అప్పుడు గడపలో నిలబడి వింటున్న చెల్లెలు అడిగింది: "ఒకటే సంసారమైతే చిన్నాయనోళ్ళు గూడా దుడ్డేసుకొని నన్ను చదివించల్ల గదా అవ్వా?" అవ్వ వక్కాకు ఉమ్మేసి మనవరాలి వైపు తిరిగింది. నా సభల్లో అంత చక్కని తర్కం నేనెప్పుడూ వినలేదు.

మర్నాడు పొద్దున అవ్వ నన్ను వెంటబెట్టుకుని పాల డెయిరీ దగ్గరికి వచ్చింది. ఆడవాళ్ళంతా క్యాన్లతో వరసలో ఉన్నారు. "మా ఇంట్లో మూడు పొయ్యిలుండాయి. మీయెన్ని?" అని గట్టిగా అడిగింది. వరసలోంచి ఒకావిడ, "మాయి రెండవ్వా. మా అత్తకు చెప్పొద్దు" అంది. "మీ అత్త నీ ఎనకాలే ఉండాది గదే!" అంది అవ్వ. వరసంతా పకపకా నవ్వింది. ఆ అత్త కూడా నవ్వింది. ఆ తర్వాత పొయ్యిల లెక్క చెప్పడంలో పోటీ పడ్డారు. నేను సంచీ తగిలించుకుని మళ్ళీ మొదటి ఇంటినుంచి మొదలుపెట్టాను.

ఆ ఏడు గీత దిగింది, ఊరికి సీట్లొచ్చాయి. చెల్లెలు హాస్టల్‌కు బయల్దేరిన రోజున అవ్వ ఆ గంపల్లో ఒకదాని నిండా వేరుశనగ ఉండలు పెట్టి పంపింది.

"అంటే అంతకుముందు ఉన్నవే రాంగ్!" అంది మేనకోడలు, ఆ గుంట కింద ఒక గమనిక రాసుకుంటూ. అవును. ఊరు ఆ ఏడు పేదదైపోలేదు, ఉన్న సంగతి చెప్పుకుంది. అక్కణ్ణుంచి ఎక్కిన గీతను నేను నమ్ముతాను. అయినా కాలం మారిందని చెప్పడానికి నాకు గీత అక్కర్లేదు. ఇప్పుడు ఆ ఊళ్ళో గంపలు కోళ్ళ మీదే బోర్లిస్తున్నారు.