అమ్మమ్మ కాళ్ళ మీద తీసిన ఫొటో

ఆ రోజుల్లో మా నర్సీపట్నంలో పుట్టిన పిల్లలకు వెంటనే ముఖం ఉండేది కాదు. (ఉండేదే అనుకోండి, కానీ అది ఇంట్లో ఆడవాళ్ళకు మాత్రమే తెలిసిన రహస్యం.) చీకటి గదిలో పాత చీర ముక్కల్లో చుట్టి, రూపాయి బిళ్ళంత దిష్టిచుక్క పెట్టి పడుకోబెడితే, చూడవచ్చిన చుట్టాలు ఆ చుక్కను చూసి "అచ్చం తండ్రి పోలికే" అని కాఫీ తాగి వెళ్ళిపోయేవారు. ఫొటో అంటే, పిల్ల బోర్లా పడడం నేర్చాక స్టూడియోకి ఎత్తుకెళ్ళి, బట్టలు విప్పి దుప్పటి మీద పడుకోబెట్టి, ముందర గిలక్కాయ ఆడించి తీయించాల్సిందే. అంతకు ముందు తీస్తే ఆయుష్షు తగ్గుతుందని ఊరంతా నమ్మేది. ఇప్పటి పిల్లలు మొదటి ఏడుపు పూర్తిచేసే లోపలే సెల్లుఫోన్లో పాతిక ఫొటోలు దిగేస్తున్నారు. ఆ నమ్మకాన్ని ధిక్కరించిన మొదటి మగవాణ్ణి మా ఊళ్ళో నేనేనని చెప్పుకుంటూ ఉంటాను. రెండోవాడెవరో ఎవరికీ తెలియదు కనక ఇది అబద్ధమని కూడా ఎవరూ రుజువు చేయలేరు.

అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు. డిగ్రీలో ఒక పేపరు మిగిలిపోయింది (నన్ను వదల్లేక అది, దాన్ని వదల్లేక నేను). విశాఖపట్నంలో ఉద్యోగం చేసే మా చిన్నాన్న కొత్త కెమెరా కొనుక్కుని పాతది నాకిచ్చాడు. నల్లటి డబ్బా, ముందర ఒక కన్ను, పక్కన ఒక మీట. పొట్ట దగ్గర పట్టుకుని పైనున్న అద్దంలోకి వంగి చూడాలి. రీలుకు పన్నెండు ఫొటోలు. ఆ డబ్బాకు రెండు నియమాలు: నిండు ఎండ ఉండాలి, నాలుగైదు అడుగుల కంటే దగ్గరగా ఉన్నదేదీ దానికి కనబడదు. ఈ రెండూ చిన్నాన్న నాకు చెప్పలేదు. చెప్పాననే ఆయన ఇప్పటికీ అంటాడు. పసిపిల్లల మీదే ఎందుకు పడ్డానంటే, పెద్దవాళ్ళకు ఫొటో తీస్తే "నా ముక్కిలా ఉండదు" అని పేచీ పెడతారు. పది రోజుల పిల్లకు తన ముక్కెలా ఉందో తెలియదు. అదీ నా లెక్క.

పక్కింటి మాష్టారి మనవడికి జానెడు దూరంలో డబ్బా పెట్టి తీశాను. పులిసిన ఇడ్లీపిండిలా వచ్చాడు. వెనకవీధి పిల్లకు సాంబ్రాణి పొగ వేస్తుండగా తీస్తే మేఘం వచ్చింది, పిల్ల రాలేదు. ఎదురింటి పిల్లవాడైతే చక్కగా, నవ్వుతూ, రెండు కొమ్ములతో వచ్చాడు. అంతకు ముందు మా గేదెకు ఫొటో తీసి రీలు తిప్పడం మరిచిపోయానన్నమాట. వాళ్ళ నాయనమ్మ ఆ ఫొటో పట్టుకుని మా గుమ్మంలో కూర్చుంది. "మా గుంటడికి కొమ్ములెట్టీసినావు, మీ గేదికి మా గుంటడి మొగం ఎట్టీసినావు. రేపొద్దున్న ఏది పాలిస్తాదో నువ్వే సెప్పు బాబూ" అంది. ఆ రోజు నుంచి నేను వీధిలోకి వస్తే బాలింతరాళ్ళున్న ఇళ్ళ తలుపులు మూసుకునేవి. (తాలూకాఫీసు దాకా మూసుకునేవని నేను చెబుతుంటాను. నిజానికి మూడిళ్ళే.)

సరిగ్గా అలాంటి సమయంలో మా అక్క మా ఇంట్లోనే పురుడు పోసుకుని ఆడపిల్లను కన్నది. బావ కృష్ణదేవిపేట అవతల, ఏజెన్సీలో సైన్సు మాష్టారు. కబురందగానే బస్సెక్కి, ఎర్రదుమ్ము కొట్టుకుపోయిన తెల్లచొక్కాతో దిగాడు. దిగేసరికి పంతులుగారు పంచాంగం మూసి విషయం చెప్పేశారు. పిల్ల మూలా నక్షత్రం మొదటి పాదంలో పుట్టింది, తండ్రికి దోషం. మళ్ళీ ఆ నక్షత్రం వచ్చే ఇరవై ఏడో రోజున శాంతి చేయించి, గిన్నెలో నూనె పోసి, ఆ నూనెలో తండ్రి పిల్ల ముఖం చూడాలి. అప్పటిదాకా చూడకూడదు. మా బావ బళ్ళో పిల్లలకు గ్రహణం ఎందుకు పడుతుందో బంతీ దీపమూ పెట్టి వివరించే మనిషి. అయినా మారు మాట్లాడకుండా వరండాలో కుర్చీ వేసుక్కూర్చున్నాడు. ఎందుకంటే ఆ సంగతి పురిటిగది గుమ్మంలో నిలబడి ఆయనకు చెప్పింది మా అమ్మమ్మ. సైన్సు వేరు, మా అమ్మమ్మ వేరు.

ఇరవై ఏడు రోజులైతే ఎలాగో గడిచేవే. ఇంతలో ఆయనకు హైదరాబాదులో మూడు నెలల ట్రైనింగని ఆర్డరొచ్చింది. పన్నెండో రోజు తుని వెళ్ళి రైలెక్కాలి, మధ్యలో సెలవివ్వరు. అంటే శాంతి వాయిదా, పిల్ల ముఖం మూడు నెలలు వాయిదా. అప్పట్నుంచి ఆయన కుర్చీని పురిటిగది గోడకు మరింత దగ్గరగా జరుపుకున్నాడు. లోపల పిల్ల ఏడిస్తే "ఇది ఆకలి, ఇది చీమ కుట్టినది" అని చెప్పగలిగేవాడు. నేను లోపలికి వెళ్ళి వచ్చినప్పుడల్లా పట్టుకునేవాడు.

"జుట్టుందా?"

"జడ వేసెయ్యొచ్చు బావా."

"కళ్ళు?"

"ఒక్కొక్కటి రేగుపండంత. నిన్న నన్ను చూసి గుర్తుపట్టింది కూడా."

"నువ్వు చెప్పేదాంట్లో ఎంత తీసేస్తే నా కూతురు మిగులుతుందో తెలియట్లేదురా బామ్మర్దీ" అన్నాడు బావ. కోపంగా అనలేదు. అందుకే నాకు చురుక్కుమంది. పుట్టి బుద్ధెరిగాక నేనొక నిజం చెప్పి ఉండవలసిందని మొదటిసారి అనిపించింది అప్పుడే.

ఆ సాయంత్రం కిటికీలోంచి అక్క పిలిచింది. "ఒరే, ఒక్కటి. సరిగ్గా ఒక్కటి తియ్యరా. కొమ్ములూ అవీ వద్దు. ఆయన జేబులో పెట్టుకెళ్తారు." రీల్లో మిగిలింది కూడా సరిగ్గా ఒక్కటే. చీకటి గదిలో డబ్బాకు ఏమీ కనబడదు. పిల్ల ఎండలోకి వచ్చేది రోజుకొక్కసారి, పెరట్లో అమ్మమ్మ లాలపోసేటప్పుడు. అంటే ఫొటో తీయాలంటే అమ్మమ్మ కాళ్ళ మీదే తీయాలి. ఆవిడతో యుద్ధానికి సిద్ధపడి వెళ్ళాను.

"ఫొటో తీస్తే ఆయుష్షు తగ్గిపోతుందంటారు కదే అమ్మమ్మా" అని నేనే ముందనేశాను, ఇక ఆవిడ అనడానికేమీ మిగలదని.

"ఎవులన్నారు? నన్ను మీ తాత తీయించి నలభై ఏళ్ళయింది. ఆ ఫొటోని సెదలు తినీసినాయి, నానున్నాను."

"అయితే తీసుకోనా?"

"తీసుకో. బాలింత దొంగతనంగా ఏడుస్తంది, నాకు తెల్దనుకుంటంది. కానొకటి, అల్లుడుగారికి సూపించకు. నూనిలోదీ మొగమే, కాయితం మీదదీ మొగమే. నూనిలోది ముందు సూడాల." చూపించనని మాట ఇచ్చాను. (ఆ రోజుల్లో నా మాటలకు కొదవ లేదు.)

పదకొండో రోజు ఉదయం పెరట్లో నిలబడ్డాను. అదివరకు ఎప్పుడూ ఆవిడ లాలపోయడం నేను సరిగ్గా చూడలేదు. చిన్న పీట మీద కూర్చుని, చీర మోకాళ్ళ పైకి దోపి, రెండు కాళ్ళూ బారజాపింది. ఆ కాళ్ళ మధ్య పల్లంలో పిల్ల, పడవలో పెట్టినట్టుంది. తవుడూ గింజలూ చెరిగి, కర్రపొయ్యి ఊది, పొలాల్లో నడిచి కాయలు కాసిన చేతులు కదా, పిల్ల తల కిందికి వెళ్ళేసరికి ఆ చేతులు ఎలా మెత్తబడ్డాయో నాకిప్పటికీ అర్థం కాదు. నూనె రాసి ముక్కు దూసింది, కనుబొమలు దిద్దింది, కుడిచెయ్యి ఎడమకాలికీ ఎడమచెయ్యి కుడికాలికీ తాకించి వదిలింది. సున్నిపిండి నలిచింది. కాగిన నీళ్ళు ముందు తన మోకాలి మీద పోసుకుని చూసుకుని, తరవాత అరచేతి మీదుగా పిల్ల మీదికి జార్చింది. కంట్లో ఒక్క చుక్క పడలేదు. మా కాలేజీలో ఆరుగురు లెక్చరర్లు కలిసి నాకు నేర్పలేకపోయిన శ్రద్ధ అంతా ఆ పీట మీద కనబడింది.

నేను అలవాటు ప్రకారం దగ్గరికి వెళ్ళబోయాను.

"రాకు. నీల్లు తొలుకుతాయి. ఆ దండెం గుంజ కాడే ఉండు."

గుంజ సరిగ్గా అయిదడుగుల దూరంలో ఉంది. ఎండ నా వీపు మీద పడుతోంది. పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది, తల నిలవడం లేదు. నేను మీట మీద వేలు పెట్టి, ఉన్న ఒక్క ఫొటోనూ ఇడ్లీపిండి చేస్తానేమోనని మళ్ళీ తీసేస్తున్నాను.

"ఆగు" అంది అమ్మమ్మ. చివరి చెంబు నీళ్ళు ధారగా పోసి, పిల్ల నుదుటి మీద చెయ్యి అడ్డుపెట్టి, చెవి దగ్గర ఏదో చిన్నగా అంది. పిల్ల ఏడుపాపి, కళ్ళు విప్పి, ఇదేం లోకమన్నట్టు చూసింది. "ఊ. ఇప్పుడు."

నొక్కాను. అంతకంటే నేను చేసిందేమీ లేదు.

రీలు పట్టుకుని పరిగెత్తుకెళ్ళి మెయిన్‌రోడ్డులో స్టూడియో మామకు ఇచ్చాను. మర్నాడు పొద్దున్నే వెళితే కరెంటు లేదు. "రీలు కడిగీసినాను. పింట్ కొట్టాలంటే కరెంటు రావాల, సాయంత్రం రా" అన్నాడు. బావ బస్సు పది గంటలకు. మిగతా పదకొండూ ఎలా వచ్చాయో స్టూడియో మామ చెప్పలేదు, నేనడగలేదు. చివరి నెగటివు ఒక్కటీ కత్తిరించి ఇచ్చి, నా మొహంలోకి వింతగా చూసి, "ఇది నువ్వే తీసినావా?" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి రిక్షా వాకిట్లో ఉంది. బావ బెడ్డింగు ఎక్కించేశాడు. నెగటివుని అరచేతిలో పెట్టుకుని, కరచాలనం చేస్తున్నట్టు ఆయన చేతిలోకి జార్చేద్దామని పథకం. గేటు దగ్గరే అమ్మమ్మ పట్టుకుంది.

"సేతిలో ఏటది?"

"ఏం లేదే."

"ఏం లేపోతే గుప్పిటెందుకు?"

తెరవక తప్పలేదు. బావ తలొంచుకున్నాడు. కిటికీ ఊచల వెనక అక్క ముఖం పాలిపోయింది. అమ్మమ్మ ఆ చిన్నముక్కను అంచులు పట్టుకుని సూర్యుడికి ఎదురుగా ఎత్తింది. చాలాసేపు చూసింది.

"ఎవులిది?"

"నీ మునిమనవరాలే."

"నల్లటి మొగం. తెల్లటి జుత్తు. బోసి నోరు." మళ్ళీ ఒకసారి చూసింది. "ఇది నానే కదరా."

నెగటివ్ అంటే ఏమిటో, నలుపు తెలుపెలా అవుతుందో ఆవిడకు వివరిద్దామని నోరు తెరిచాను. కిటికీలోంచి అక్క దగ్గింది. ఆ దగ్గులో నన్ను చంపేస్తానన్న సంగతి స్పష్టంగా ఉంది. మూసుకున్నాను.

"అల్లుడుగారూ, ఇలాగొకసారి రండి బాబూ" అని పిలిచింది అమ్మమ్మ. "ఈ గుంటడు నా ఫొటో తీసినాడు. ఎలాగున్నానో సూసి సెప్పండి. నన్ను సూడ్డానికి మీకు దోసం లేదు కదా."

బావ ఆ ముక్క అందుకున్నాడు. రెండు చేతులతో పట్టుకుని ఎండలోకి ఎత్తాడు. రిక్షావాడు "బేగి రండి బాబూ, బస్సెలిపోద్ది" అన్నాడు. బావకు వినబడలేదు. ఎంతసేపు చూశాడో నేను చెబితే మీరు ఎలాగూ సగం తీసేస్తారు. చివరికి, "చాలా బాగున్నారండీ అమ్మమ్మగారూ" అన్నాడు.

"వయసులో ఇంకా బాగుండేదాన్ని" అంది ఆవిడ.

రిక్షా మలుపు తిరిగాక నా వైపు చూసి, "సాయంత్రం కరెంటొస్తాదని ఆ స్టూడియోకెళ్ళి తెల్లమొగం తెచ్చీగలవు. మూడు నెలలు అలాంటిదేదీ ఇంట్లో ఉండకూడదు" అంది. అప్పుడు తెలిసింది, నేను వివరించబోయినదంతా ఆవిడకు నాకంటే బాగా తెలుసని. ఆ మూడు నెలలూ హైదరాబాదు నుంచి వచ్చిన ప్రతి ఉత్తరంలోనూ ఒక వాక్యం ఉండేది: "రోజూ పొద్దున్నే కిటికీ దగ్గర అమ్మమ్మగారి దర్శనం చేసుకుంటున్నాను." అది చదివి అక్క నవ్వేది, అమ్మమ్మ "మంచోడు" అనేది. శాంతి రోజున బావ నూనెగిన్నె మీదికి వంగాడు. నూనెలో ముఖం నల్లగానే కనబడుతుంది కదా, "ఈవిడ నాకు తెలుసండీ" అన్నాడు పంతులుగారితో. పంతులుగారికి అర్థం కాలేదు. మంత్రం కొనసాగించారు.

ఆ నెగటివుకి ఇంతవరకూ ప్రింటు లేదు. అమ్మమ్మ పోయాక ఒకసారి, మేనకోడలి పెళ్ళప్పుడు ఇంకోసారి, వేయిద్దామని అడిగాను. నేను జన్మలో ఒక్క మంచి ఫొటో తీశానంటే నమ్మేవాడు లేడు, సాక్ష్యం కావాలి కదా. బావ ఇవ్వలేదు. "తెల్లగా చేస్తే అమ్మాయి మిగులుతుందిరా, ఆవిడ పోతుంది" అన్నాడు.

మొన్న వాళ్ళింటికి వెళితే ఏమనుకున్నాడో, డైరీలోంచి తీసి నా చేతికిచ్చాడు. కళ్ళజోడు పెట్టుకుని పెరట్లో ఎండలోకి ఎత్తాను. ఆ కాళ్ళు, ఆ చేతులు, మధ్యలో తెల్లజుట్టు చిన్నమ్మ. కింద అంచున, నీళ్ళపీట పక్కన, ఇన్నేళ్ళూ నేనెరగని మనిషొకడు కనిపించాడు. తెల్లటి నీడ, రివటలాంటి వొళ్ళు, నెత్తిన ఒత్తుగా జుట్టు. పొట్ట దగ్గర ఏదో పట్టుకుని, గుంజ కాడ, ఊపిరి బిగబట్టి వంగి ఉన్నాడు. పెద్దావిడ ఎప్పుడు "ఊ" అంటుందా అని బుద్ధిగా కాచుకుని ఉన్నాడు వెర్రివెధవ.